జోకర్ ముఖానికి వేసే తెల్లరంగు గురించి తెలిసినవారు చెప్పగలరా?

నమస్కారం. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. నేను నాలుగో తరగతిలో ఉండగా మా నాయన నన్ను నల్లగొండకు సర్కస్ చూపించడానికి తీసుకుపోయాడు. ఉయ్యాలల మీది విన్యాసాలు లీలగానే గుర్తున్నాయి గానీ, ఆట ముగిశాక డేరా వెనుక ఇటుకల మీద కూర్చుని, కొబ్బరినూనె అద్దిన గుడ్డతో సగం ముఖం తుడుచుకున్న జోకర్ మాత్రం ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాడు. ఒక చెంప తెల్లగా మెరుస్తుంటే, రెండో చెంప మీద చెమట, నెరిసిన గడ్డం. నన్ను చూసి ఆ సగం రంగుతోనే నవ్వాడు.

ఆ వేషం కట్టి మా బడి పిల్లలను నవ్వించాలని నా కోరిక. లండన్ నటుడు జోసెఫ్ గ్రిమాల్డీ (1778–1837) తెల్లముఖపు విదూషకుడిగా పేరు పొందిన కాలంలో తెల్లరంగుల్లో సీసం కలిసేది. మన పాత నాటకాలవారు పూసుకున్న అర్దళం అనే పసుపురంగు పొడిలోనూ ఆర్సెనిక్ ఉంటుంది. అందువల్ల నేను జింక్ ఆక్సైడ్ అనే తెల్లపొడి వాడదామనుకుంటున్నాను. దానిని కొబ్బరినూనెతో కలపాలా, వాసెలిన్‌తోనా? మన ఎండలకు కారిపోకుండా పైన పౌడర్ అద్దితే సరిపోతుందా? తెల్లముఖం చూసి జడుసుకునే చిన్నపిల్లల ముందే రంగు వేసుకుంటే వారి భయం పోతుందా? సర్కస్‌లో గానీ భాగవతంలో గానీ వేషం కట్టిన పెద్దలు దయచేసి తెలియజేయగలరు.