దుడ్డుకర్ర ఎలా ఆదరిస్తుంది? కీర్తన 23:4లో ‘ఆదరించును’ గురించి

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో నాతో పనిచేసే అక్క వాళ్ల నాన్నగారు పోయారు. ఈ ఆదివారం ‘ఆదరణ కూడిక’ ఉందని వాట్సాప్‌లో కార్డు పంపింది. దాని మీద బైబిల్‌లోని ఈ వాక్యం ఉంది: “గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను నీవు నాకు తోడై యుందువు నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును.”

మేం క్రైస్తవులం కాదు, అందుకే అడుగుతున్నాను. నాకు తెలిసిన ఆదరణ ప్రేక్షకాదరణ, ఆదరాభిమానాలు, అంతే. దుడ్డుకర్ర మనిషిని ఎలా ఆదరిస్తుంది? మనిషి పోయిన ఇంట్లో ‘ఓదార్పు’ అనాలి గానీ ‘ఆదరణ’ అనడమేమిటి? అక్కడ నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమంటున్నారు. అర్థం తెలియకుండా మాట్లాడటం నాకిష్టం లేదు.

జవాబు:

అమ్మా, అర్థం తెలుసుకుని వెళ్లాలనుకున్నారు, చాలా సంతోషం. ఈ మాట మా ఇళ్లలో పుట్టిన దగ్గర్నుంచీ వింటాం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ‘ఆదరణ’ సంగతి. ప్రేక్షకాదరణ అన్నది పత్రికల వాడుక. ఊళ్లో వాడుక వేరు. “తల్లీతండ్రీ లేని పిల్లాణ్ణి మేనత్త ఆదరించింది” అంటాం. అంటే ఇంట్లో చోటిచ్చింది, కంచంలో అన్నం పెట్టింది, బడికి పంపింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది. “ముసలితనంలో ఆదరణ లేదు” అంటే చూసే దిక్కు లేదని. ఆ మేనత్త నోటితో ఏం చెప్పిందో ఎవరూ అడగరు. చేతులతో ఏం చేసిందన్నదే ఆదరణ. ఓదార్పు అలా కాదు. ఓదార్చడంలో మాట ముఖ్యం, వీపు నిమరడం ముఖ్యం. ఏడుపు ఆగాక ఓదార్పు పని అయిపోతుంది. ఆదరణ పని అప్పుడు మొదలవుతుంది. ఆ కూడికకు ‘ఆదరణ’ అన్న పేరు ఎందుకు నిలిచిందో నాకు ఇక్కడే తెలుస్తుంది. షామియానా కింద కుర్చీలు వేసి, పాట పాడి, ప్రార్థన చేసి, అయ్యగారు (పాస్టరు) వాక్యం చెప్పి, పెద్దలు పోయినాయన గురించి నాలుగు మాటలు చెప్పి, అందరూ కలిసి భోంచేసి లేస్తారు. “మీరు ఒంటరివాళ్లు కారు, మేమున్నాం” అని ఊరంతటి ముందూ ఒప్పుకోవడం అది.

ఇప్పుడు కర్ర. కీర్తన మొత్తం గొర్రె వైపు నుంచి చెప్పింది. “యెహోవా నా కాపరి” అని మొదలవుతుంది కాబట్టి ఆ కర్రను గొర్రె కళ్లతో చూడాలి. రెండు రకాల కర్రలున్నాయి. దుడ్డుకర్ర పొట్టిది, లావుది. తోడేలో మరొకటో మీదికొస్తే కొట్టడానికి. మందను లెక్కపెట్టడానికీ అదే. గొర్రెలు ఒక్కొక్కటిగా కర్ర కింద నుంచి దాటుతుంటే లెక్కపెట్టే పద్ధతి లేవీయకాండము 27:32లో కనిపిస్తుంది. దండం పొడుగుది. హీబ్రూలో ఆ మాటకు మూలం ‘ఆనుకొను’. కాపరి దాని మీద బరువు వేసి నిలబడతాడు, దారి తప్పిన గొర్రెను దానితోనే ఇటు మళ్లిస్తాడు. చీకటి లోయలో గొర్రెకు కాపరి ముఖం కనపడదు. కర్ర రాయికి తగిలిన చప్పుడు వినపడుతుంది. పక్కన ఆయన ఉన్నాడనడానికి దానికి ఆ చప్పుడు చాలు.

అందుకే అక్కడ ‘ఓదార్చును’ అని ఉంటే నాకు తక్కువగా అనిపించేది. కర్ర ఓదార్చదు. కాస్తుంది, దారి చూపుతుంది, ‘నేనిక్కడే ఉన్నాను’ అని తెలియజేస్తుంది. ఈ మూడూ కలిస్తే ఆదరించడమే. మూలంలో ఉన్న హీబ్రూ క్రియ మాత్రం యెషయా 40:1లో ఉన్నదే. అక్కడ మన తెలుగు బైబిల్ “నా జనులను ఓదార్చుడి ఓదార్చుడి” అంటుంది. ఒకే క్రియకు చోటును బట్టి రెండు తెలుగు మాటలు. నా దృష్టిలో ఇది చిక్కు కాదు, చెవి ఉన్నవాళ్లు చేసిన పని.

ఇంకొకటి. ఈ కీర్తనలో మొదటి మూడు వచనాలూ ‘ఆయన’ అని నడుస్తాయి. “నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు.” పచ్చిక, నీళ్లు, అంతా బాగున్నప్పుడు దేవుడి గురించి ఎవరికో చెబుతున్నట్టు ఉంటుంది. నాలుగో వచనంలో లోయ రాగానే ‘ఆయన’ పోయి ‘నీవు’ వచ్చింది. “నీవు నాకు తోడై యుందువు.” కష్టంలో మనిషి చేసేది అదే. అప్పటిదాకా ఆయన గురించి మాట్లాడినవాడు అక్కడ ఆయనతో మాట్లాడతాడు. క్రైస్తవులం ఈ కాపరిని యేసులో చూస్తాం. “నేను గొఱ్ఱెలకు మంచి కాపరిని” అని యోహాను సువార్త 10వ అధ్యాయంలో ఆయనే అన్నాడు. మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడని కూడా అక్కడే చెప్పాడు. ఏదైనా ఆపద వస్తే మా అమ్మమ్మలు ముందు “ప్రభువా” అనే అనేవాళ్లు. డాక్టరు దగ్గరికి వెళ్లడం, అప్పు కోసం తిరగడం తర్వాత. అది పనులు మానేసి కూర్చోవడం కాదు, ఆ పనులకు ఒంటరిగా బయల్దేరకపోవడం.

సిలువకు ముందు రాత్రి శిష్యులతో యేసు అన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. “ఆయన వేరొక ఆదరణకర్తను… మీకనుగ్రహించును” (యోహాను 14:16). ‘వేరొక’ అన్నాడంటే మొదటి ఆదరణకర్త అప్పటికే వాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడన్నమాట, అది ఆయనే. గ్రీకులో ఆ మాట ‘పారక్లేతోస్’, పక్కకు పిలిపించుకున్న మనిషి అని. కొత్త నిబంధనలో ఐదు సార్లు వస్తుంది. నాలుగు యోహాను సువార్తలో, అక్కడ మనకు ‘ఆదరణకర్త’. ఐదోది యోహాను మొదటి పత్రికలో (1 యోహాను 2:1), నేరుగా యేసు గురించే. అక్కడ తెలుగు మాట ‘ఉత్తరవాది’, అంటే మన తరఫున జవాబు చెప్పేవాడు. కోర్టు మెట్లెక్కినవాళ్లకు తెలుస్తుంది, వకీలు పక్కన నిలబడితే ఎంత ధైర్యమో. కేసు కొట్టేస్తారో లేదో ఇంకా తెలియదు, కానీ కాళ్లు వణకడం తగ్గుతుంది.

ఇంకొకరి మాట:

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది. కానీ నాకొక బాధ ఉంది, ఇక్కడే అడిగేస్తాను. మా అమ్మ ఐసీయూలో ఉన్నప్పుడు అందరూ “మీ హృదయమును కలవరపడనియ్యకుడి” (యోహాను 14:1) అని మెసేజ్‌లు పెట్టారు. నేనూ విశ్వాసినే. అయినా ఒకటే టెన్షన్. ఆ వాక్యం చూసిన ప్రతిసారీ నాకు విశ్వాసం లేదని ఎవరో వేలెత్తి చూపినట్టుండేది. ‘కలవరపడొద్దు’ అంటే ఆజ్ఞేనా?

జవాబు:

బాబూ, ఆ మాటను ఆ ఒక్క వాక్యంలో చదివితే అలాగే గుచ్చుకుంటుంది. కొంచెం వెనక్కి వెళ్లి చూడండి. యోహాను 11:33లో, లాజరు అనే స్నేహితుడు చనిపోయినప్పుడు అతని సోదరి మరియ ఏడవడం చూసి యేసు “కలవరపడి ఆత్మలో మూలుగుచు” అని ఉంది. 12:27లో ఆయనే “ఇప్పుడు నా ప్రాణము కలవరపడుచున్నది” అన్నాడు. 13:21లో తనను అప్పగించబోయే శిష్యుడు యూదా ద్రోహం గురించి చెప్పేముందు మళ్లీ “ఆత్మలో కలవరపడి”. గ్రీకులో నాలుగు చోట్లా ఒకే క్రియ, మన తెలుగులోనూ నాలుగు చోట్లా ‘కలవరపడు’ అనే ఉంచారు. ఇది నాకు ఈ అనువాదంలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం. వరుసగా మూడు అధ్యాయాల్లో మూడు సార్లు కలవరపడినవాడు, నాలుగోసారి శిష్యుల వైపు తిరిగి మీరు కలవరపడొద్దు అంటున్నాడు. కలవరమంటే ఏమిటో తెలియనివాడు ఇచ్చిన సలహా కాదది. ఆ బరువు నేను మోస్తున్నాను, మీరు నన్ను నమ్మండి అని. వచనంలో రెండో సగం అదే కదా: “నాయందును విశ్వాసముంచుడి.”

వెంటనే తోమా అనే శిష్యుడు ఏమన్నాడో చూడండి. నువ్వెక్కడికి వెళ్తున్నావో మాకు తెలియదు, ఇక దారి ఎలా తెలుస్తుంది అని ముఖం మీదే అడిగాడు. యేసు అతన్ని మందలించలేదు. “నేనే మార్గమును” అన్నాడు. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ‘ప్రభువా, నాకేం తోచట్లేదు’ అనడం కూడా ప్రార్థనే. మీరు ఆ రోజుల్లో చేసింది అదే అయితే విశ్వాసం లేదని ఎవరూ అనలేరు.

ప్రశ్న అడిగినవారు:

చాలా థ్యాంక్సండీ. ఇప్పుడు కార్డు చదివితే వేరేగా ఉంది. మరి ఆదివారం నేనేం మాట్లాడాలి? క్రైస్తవురాలిని కాని నేను వాక్యం చదివితే తప్పుగా అనుకుంటారా?

జవాబు:

ఎవరూ అనుకోరమ్మా, సంతోషిస్తారు. యోహాను 11లో లాజరు చనిపోయిన కథ చదవండి. అతని సోదరీమణులు మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే మాట అంటారు: నువ్విక్కడ ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదు. ఒకే ఫిర్యాదు. ఆయన మాత్రం ఇద్దరికీ ఒకేలా జవాబివ్వలేదు. మార్తతో మాట్లాడాడు, పునరుత్థానం (చనిపోయినవాళ్లు తిరిగి లేవడం) గురించి చెప్పాడు. మరియ దగ్గర బోధ చేయలేదు, “యేసు కన్నీళ్లు విడిచెను.” ఆ ఇంట్లో కూడా మాటలు కావలసినవాళ్లు ఒకరుంటారు, పక్కన కూర్చుంటే చాలనుకునేవాళ్లు ఒకరుంటారు. అక్క ఏ రకమో మీకే తెలుస్తుంది.

మొత్తం అధ్యాయం పెద్దది. 17 నుంచి 36 దాకా చదివితే సరిపోతుంది. ‘దేవుడి చిత్తం, ఏడవకండి’ అని మాత్రం అనకండి. వాళ్ల నాన్నగారి గురించి అక్క ఆఫీసులో మీకు చెప్పిన సంగతి ఏదైనా ఉంటే అది చెప్పండి, ఆ ఇంట్లోవాళ్లకు తెలియనిది అయితే మరీ మంచిది. బైబిల్ తీసుకెళ్లక్కర్లేదు, అక్కడ ఎవరైనా ఇస్తారు. కూడిక అయ్యాక భోజనానికి ఉండమంటారు. ఉండండి.