రాకెట్ ఇంజన్ స్టార్ట్‌లో ముందు ఏది: లాక్సా (ద్రవ ఆక్సిజన్), ఇంధనమా?

గోదారిగట్టు: ద్రవ ఇంధన ఇంజన్‌కు ఎప్పుడైనా ఇంధనమే ముందు వదలాలి, అదే క్షేమం అంటారు. మరి సాటర్న్-5 రాకెట్‌లోని కిరోసిన్ ఇంజన్ ఎఫ్-1లో ముందు తెరిచేది లాక్స్ వాల్వులే కదా?

చల్లకుండ: హైడ్రోజన్ ఇంజన్లకు ఆ మాట నిజమే. స్పేస్ షటిల్ ఇంజన్‌లో మొదట తెరుచుకునేది మెయిన్ ఫ్యూయల్ వాల్వ్. ఇంధనం పాలు ఎక్కువుంటే వేడి అదుపులో ఉంటుంది. ఆక్సిజన్ పాలు పెరిగిందా, టర్బైన్ బ్లేళ్లే కాలిపోతాయి. ఫ్యూయల్ ప్రీబర్నర్‌కు (పంపు టర్బైన్‌ను తిప్పే వేడి వాయువు పుట్టించే చిన్న చాంబర్) 1.4 సెకన్లకు, ప్రధాన చాంబర్‌కు 1.5కి, ఆక్సిడైజర్ ప్రీబర్నర్‌కు 1.6కి లాక్స్ నిండాలి. 5 సెకన్ల స్టార్ట్‌లో తొలి 2 సెకన్లు గట్టెక్కడానికే 19 పరీక్షలు, 23 వారాలు పట్టాయి, 8 టర్బోపంపులు మార్చాల్సి వచ్చింది.

దీపంబుడ్డి: హైడ్రోజన్ ఆవిరై పోతుంది, కిరోసిన్ పోదండీ! ముందు వదిలితే చాంబర్‌లో మడుగు కడుతుంది. దానిమీద లాక్స్ పడితే తయారయ్యే గుజ్జు చిన్న దెబ్బకే పేలుతుంది. ఎఫ్-1లో లాక్స్ వాల్వుల తర్వాత గ్యాస్ జనరేటర్ (పంపును తిప్పే వాయువు పుట్టించేది) రాజుకుని పంపు తిరుగుతుంది. పెరిగిన ఇంధన పీడనానికి హైపర్‌గోల్ (ఆక్సిజన్ తగిలితే తనంతట అంటుకునే ద్రవం) కార్ట్రిడ్జ్ పగిలి, అందులోని ట్రైఇథైల్‌బోరేన్ మిశ్రమం అప్పటికే చాంబర్‌లో ఉన్న లాక్స్‌కు తగలగానే భగ్గుమంటుంది. ఆ మంట వల్ల పీడనం పుడితేనే ఇగ్నిషన్ మానిటర్ వాల్వ్ మెయిన్ ఫ్యూయల్ వాల్వులకు దారిస్తుంది. టైమర్‌ను నమ్మి తెరవరు. నా దృష్టిలో వరుసకన్నా, మంట పుట్టందే ఇంధనాన్ని వదలని ఈ తాళమే (ఇంటర్‌లాక్) ముఖ్యం.

చల్లకుండ: కిరోసిన్ సంగతి ఒప్పుకుంటా. హైడ్రోజన్ కూడా అమాయకురాలేం కాదు. 1984 జూన్ 26న షటిల్ మిషన్ 41-డి స్టార్ట్ మధ్యలో ఆగాక ప్యాడ్ మీద హైడ్రోజన్ మంట లేచింది, అదీ కంటికి సరిగా ఆనని మంట.

హీలియం: వరుస దగ్గరే ఆగిపోయారు. పంపు నోటి దగ్గర పీడనం లేకపోతే ఏ వరుసైనా దండగే. 2021 ఆగస్టు 12న శ్రీహరికోట నుంచి ఎగిరిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10లో వెంట్ అండ్ రిలీఫ్ వాల్వ్ (ట్యాంకులో ఎక్కువైన పీడనాన్ని వదిలేది) లీకై, హైడ్రోజన్ ట్యాంకులో పీడనం చాలలేదు. బూస్టర్ పంపు సరిగా పనిచేయలేదు, మిషన్ పోయింది. చిల్‌డౌన్ (పంపును ముందే చల్లబరచడం) సరిగా లేకున్నా అంతే: వెచ్చటి పంపులో ద్రవం ఆవిరై, లోడు లేని పంపు శ్రుతిమించి తిరుగుతుంది. ఇంకోటి, హైడ్రోజన్ లైన్‌ను చివరగా హీలియంతోనే పర్జ్ చేయాలి (ఊది శుభ్రం చేయాలి). నైట్రోజన్ 63 కెల్విన్ దగ్గరే గడ్డకడుతుంది, ద్రవ హైడ్రోజన్ 20 కెల్విన్. మిగిలిన నైట్రోజన్ మంచై వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. (పేరు చూసి పక్షపాతం అనుకోకండి!)

గోదారిగట్టు: మరి ఆపేటప్పుడు?

దీపంబుడ్డి: అక్కడ గొడవే లేదు. ఎఫ్-1 అయినా షటిల్ ఇంజన్ అయినా ముందు లాక్స్ కట్టేసి, ఆ తర్వాతే ఇంధనం.