కాన్ఫరెన్స్‌కి స్కేట్‌బోర్డు పట్టుకెళ్లే లైబ్రరీ జనం ఎవరైనా ఉన్నారా?

బీచ్‌రోడ్_బోర్డు (విశాఖ):
అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రేరియన్‌ని. తెల్లారి ఆర్కే బీచ్‌లో బండ్లు తిరగని వేళకి బోర్డు మీద ఉంటాను, తొమ్మిదింటికి కోహా (లైబ్రరీ నడిపే సాఫ్ట్‌వేర్) ముందు కూర్చుంటాను. వచ్చే నెల లైబ్రరీ సాఫ్ట్‌వేర్ మీటింగ్ కోసం ఫిలడెల్ఫియా ప్రయాణం, అక్కణ్ణించి పోర్ట్‌ల్యాండ్‌లో మా పిన్ని వాళ్లింటికి. బోర్డు తీసుకెళ్లొచ్చా? తీసుకెళ్తే ఎక్కడ స్కేట్ చేయాలి? మా ఆవిడ మాత్రం "పేపర్ చదవడానికా, ఊరేగడానికా?" అంటోంది.
పనిలో పనిగా ఇంకో తలనొప్పి. మా ఓపాక్‌లో (పాఠకులు వెతుక్కునే ఆన్‌లైన్ కేటలాగులో) తెలుగు పుస్తకాలు సగం వెతికితే దొరకవు. టైటిల్ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది, అదే టైప్ చేస్తే ఫలితాలు సున్నా.

మార్క్245 (న్యూజెర్సీ):
తమ్ముడూ, ముందు బోర్డు సంగతి. అమెరికాలో టీఎస్‌ఏ (విమానాశ్రయ భద్రత) వాళ్లు కేబిన్ బ్యాగేజీగా ఒప్పుకుంటారు, సైజు రూలు మాత్రం ఎయిర్‌లైన్‌ది. మన దగ్గర ఎక్కేటప్పుడు సెక్యూరిటీ దగ్గర వాదన పెట్టుకోవద్దు, చెకిన్‌లో పడేసెయ్. ట్రక్కులు (చక్రాలు బిగించే ఇరుసులు) విప్పి సాక్సుల్లో చుట్టు, డెక్కుని (పలకని) బట్టల మధ్య పడుకోబెట్టు. బ్యాటరీ బోర్డు అయితే ఇంట్లోనే వదిలెయ్. 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని విమానంలోకి రానివ్వరు.

ఫిలడెల్ఫియా అంటే నాకు లవ్ పార్కే, స్కేటర్ల పేరుమోసిన అడ్డా. 2016 మార్చిలో కోడ్4లిబ్ (లైబ్రరీ ప్రోగ్రామర్ల సదస్సు) ఆ ఊళ్లోనే జరిగింది. తీరా వెళ్తే పార్కు చుట్టూ కంచె! ఏళ్ల తరబడి స్కేటింగ్ మీద నిషేధం పెట్టి, ఫిబ్రవరిలో కూలగొట్టే ముందు కొద్ది రోజులు మాత్రం మేయర్ ఆ నిషేధం ఎత్తేశాడు. ఆ పార్కు అసలు ఎడ్మండ్ బేకన్ అనే నగర ప్రణాళికల పెద్దాయన ఆలోచన. స్కేటర్లని తరిమేస్తున్నారని ఒళ్లు మండి 2002లో, 92వ ఏట, హెల్మెట్ పెట్టుకుని, పక్కన మనుషులు పట్టుకోగా అక్కడే బోర్డెక్కాడు. ఆ వయసులో మనం మంచం దిగితే గొప్ప.

సరే, నేను కంచె ముందు నిలబడి దిగాలుగా చూస్తుంటే పక్కన ఇంకో మనిషి, అదే మొహం, మెడలో అదే కాన్ఫరెన్స్ బ్యాడ్జి. ఇద్దరం కలిసి ఐ-95 హైవే కింద ఉన్న ఎఫ్‌డీఆర్ స్కేట్‌పార్కుకి పోయాం. ఆయన పనిచేసే యూనివర్సిటీలో బ్లాక్‌లైట్, మా దగ్గర వుఫైండ్, రెండూ కేటలాగులో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్లే. రెండిటికీ అడుగున సోలర్ అనే వెతుకులాట ఇంజనే కదా. ఏ ఫీల్డుకి ఎంత బూస్ట్ (ప్రాధాన్యం) ఇస్తే ఏ పుస్తకం పైకొస్తుందో ఆ గట్టు మీద కూర్చునే మాట్లాడుకున్నాం. ఇప్పటికీ సోలర్ అప్‌గ్రేడ్ ఉందంటే ముందు ఆయనకే మెసేజ్ పెడతాను.
ఎఫ్‌డీఆర్ కొత్తవాళ్లకి కాదు, స్కేటర్లు సొంతంగా సిమెంటు పోసి కట్టుకున్న గోడలు, నిట్టనిలువుగా ఉంటాయి. నువ్వు ఆర్ట్ మ్యూజియం దగ్గర పెయిన్స్ పార్కుకి వెళ్లు.

పాతబీరువా (గుంటూరు):
నాకు తెలియక అడుగుతాను, ఏమనుకోకండి. సంస్థ డబ్బుతో టికెట్టు కొని వంతెనల కింద దొర్లడమేమిటి? మా రోజుల్లో సదస్సుకి పోతే సావనీరు తెచ్చుకునేవాళ్లం, లెక్క చెప్పేవాళ్లం. చెయ్యి విరిగితే అక్కడ బిల్లు ఎవరు కడతారు?

ప్యాచ్_పద్మ (పోర్ట్‌ల్యాండ్):
బాబాయ్ గారూ, బిల్లు భయం నిజమే. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు స్కేటింగ్ దెబ్బలకి వర్తిస్తుందో లేదో చదివి మరీ తీసుకోవాలి. రిస్ట్ గార్డులు తప్పనిసరి, పడితే ముందు ఆనేది అరచెయ్యే.

సంస్థ డబ్బు మాటకి జవాబు. కోహాలో మనం రాసిన ప్యాచ్‌ని (సాఫ్ట్‌వేర్ సవరణని) మనమే పాస్ చేసుకోలేం. వేరొకరు తమ మెషీన్‌లో పరీక్షించి, సరే అని సైన్-ఆఫ్ చేయాలి, ఆ తర్వాత క్యూఏ (నాణ్యత చూసే) వాళ్లు చూడాలి. నా ప్యాచ్ ఒకటి, తెలుగు పేర్లని అక్షరక్రమంలో పెట్టేది, బగ్జిల్లాలో (కోహా లోపాల చిట్టాలో) బూజు పట్టింది. తెలుగు తెలియనివాళ్లు దాన్నెందుకు ముట్టుకుంటారు? 2018 కోహాకాన్ (కోహా వాళ్ల సదస్సు) మా ఊళ్లోనే జరిగింది. బయటి నుంచి వచ్చిన ఒకమ్మాయి టీ విరామంలో నా షూస్ చూసి (పక్కలు బోర్డు పైనుండే గరుకు గ్రిప్ టేప్‌కి అరిగిపోయి ఉంటాయి, స్కేటర్లకి ఆనవాలు అదే) "బర్న్‌సైడ్ ఎటు?" అని అడిగింది. సాయంత్రం తీసుకెళ్లాను. 1990లో ఎవరి అనుమతీ అడక్కుండా బర్న్‌సైడ్ వంతెన కింద స్కేటర్లే సిమెంటు పోసుకున్న చోటది, తర్వాత నగరం వాళ్లు ఒప్పుకున్నారు. మర్నాడు హ్యాక్‌ఫెస్ట్‌లో (అందరూ కలిసి కూర్చుని కోడ్ రాసే చోట) ఆ పిల్ల నా పక్కనే కూర్చుంది. నేను క, కా, కి చెబుతుంటే పేర్ల వరుస ఒక్కొక్కటే సరిచూసి సైన్-ఆఫ్ చేసింది. ఇది ఏ లెక్కలో రాయమంటారో మీరే చెప్పండి.

థేమ్స్_తీరం (లండన్):
లండన్ వచ్చేవాళ్లకి ఒక్క ముక్క. సౌత్‌బ్యాంక్ సెంటర్‌లో క్వీన్ ఎలిజబెత్ హాల్ కింద స్కేటర్లు తిరిగే అండర్‌క్రాఫ్ట్, పక్క భవనం రాయల్ ఫెస్టివల్ హాల్ అయిదో అంతస్తులో నేషనల్ పొయెట్రీ లైబ్రరీ. కింద చక్రాలు, పైన పద్యాలు. 2013లో స్కేటర్లని అక్కణ్ణించి పంపించేసి దుకాణాలు పెట్టాలని చూశారు. పెద్ద ఉద్యమమే నడిచింది, 2014లో రాజీ కుదిరింది, మూసేసిన కొంత భాగాన్ని కూడా 2019లో తెరిచారు.
మరుసటి రోజు బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లండి. అక్కడి తెలుగు పుస్తకాలకి బార్నెట్ 1912లో వేసిన కేటలాగు ఉంది, టైటిళ్లు రోమన్ లిపిలో కూడా ఉంటాయి. మన ఓపాక్ రోగం మూలం ఆ రోమన్ రాతలోనే కనిపిస్తుంది నాకు.

సున్నా_ఫలితాలు (హైదరాబాద్):
ఆ రోగానికి నా దగ్గర కాస్త మందుంది. బీచ్‌రోడ్ అన్నా, మూడు చూడు.

ఒకటి, విదేశీ లైబ్రరీల నుంచి రికార్డులు దింపుకున్నావా? వాటిలో 245 అనే టైటిల్ గడిలో రోమన్ లిపి ఉంటుంది, తెలుగు లిపి 880 అనే గడిలో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. 880ని ఇండెక్స్ చేయకపోతే (వెతికే జాబితాలో చేర్చకపోతే) తెలుగులో వెతికినవాడికి మొండిచెయ్యే. రోమన్‌లో వెతికినా సుఖం లేదు. కేటలాగులో పేరు కలిపి రాసి ఉంటుంది, పాఠకుడు "శ్రీ శ్రీ" అని విడదీసి కొడతాడు.

రెండు, జీబ్రా (కోహా వెతుకులాట ఇంజన్) వాడుతుంటే, అది అక్షరాలని సీహెచ్‌ఆర్ పద్ధతిలో చదువుతోందా, ఐసీయూ పద్ధతిలోనా చూడు. తెలుగుకి ఐసీయూ కావాలి.

మూడోదే అసలు దొంగ. "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేసినప్పుడు ట్ తర్వాత కంటికి కనపడని అక్షరం ఒకటి పడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. ఒక కీబోర్డు వేస్తుంది, ఇంకోటి వెయ్యదు. చూడ్డానికి దాదాపు ఒకటే, కంప్యూటర్‌కి రెండు వేర్వేరు మాటలు. ఐసీయూ ఫైల్లో కంట్రోల్ అక్షరాలు తీసేసే నియమం ఉంటుంది కదా అని ధీమాగా ఉంటాం. కానీ యూనికోడ్ (అక్షరాల అంతర్జాతీయ ప్రమాణం) దీన్ని కంట్రోల్‌లో కాదు, ఫార్మాట్ వర్గంలో పెట్టింది. కాబట్టి ఆ వర్గాన్ని తీసేసే నియమం విడిగా రాసి, మొత్తం మళ్లీ ఇండెక్స్ చెయ్. రాత్రి పూట పెట్టుకో, సెమిస్టర్ పరీక్షల ముందు మాత్రం వద్దు.
ఈ కిటుకు నాకు చెప్పింది బెంగళూరులో స్కేట్ చేసే ఒక మలయాళీ మిత్రుడు. వాళ్ల చిల్లక్షరాలతో (అచ్చు లేని పొల్లు హల్లులతో) వాళ్లు ఇంతకంటే ఎక్కువ పడ్డారు.

పన్నా_ప్రయాణం (భోపాల్):
మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర జన్వార్ అనే పల్లె ఉంది. ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ ఆవిడ 2015లో స్కేట్‌పార్కు కట్టించింది. బడికి పోకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలకే ముందు వంతు. నేను పిల్లల పుస్తకాల పెట్టె పట్టుకెళ్లాను, బోర్డు మీద నిలబడ్డం నాకు వాళ్లే నేర్పారు.

పాతబీరువా (గుంటూరు):
సైన్-ఆఫ్ సంగతి బాగుందమ్మా పద్మా. అయినా ఇన్సూరెన్స్ మాట మీదే ఉన్నాను.

బీచ్‌రోడ్_బోర్డు (విశాఖ):
అందరికీ థ్యాంక్స్. రాత్రే టెస్ట్ సర్వర్‌లో ఫార్మాట్ నియమం పెట్టి ఇండెక్స్ చేశా. కంప్యూటర్ పుస్తకాలు చాలావరకు వచ్చేశాయి. "పెళ్లి", "పెళ్ళి" మాత్రం ఇప్పటికీ వేర్వేరు గడపలే. ఒకటి వెతికితే రెండోది రావట్లేదు.

సున్నా_ఫలితాలు (హైదరాబాద్):
అది స్పెల్లింగ్ తేడా అన్నా, యూనికోడ్ తప్పేం లేదు. ప్రస్తుతానికి రెండో రూపాన్ని 246లో (ఇతర టైటిళ్ల గడిలో) ఎక్కించు. ళ్ళని ళ్లగా మార్చే నియమం ఇండెక్స్‌లోనే పెట్టొచ్చు, కానీ దాన్ని నీ సర్వర్‌లో ఒక్కడివే ఉంచుకోకు, ప్యాచ్‌గా పంపు.

ప్యాచ్_పద్మ (పోర్ట్‌ల్యాండ్):
పంపు, నేను పరీక్షిస్తాను. పిన్ని గారి ఇల్లు ఏ వైపో చెప్పు. వాన లేని రోజు చూసి పొద్దున్నే వెళ్దాం, మధ్యాహ్నం దాటితే బర్న్‌సైడ్‌లో మనకి వంతు రాదు.