'తద్రచనయకా': ఒక కందం, బోలెడు పార్ట్ టూలు

సీతమ్మధార:
తెలుగు మహాభారతంలో నన్నయ సగంలో వదిలేసిన అరణ్యపర్వాన్ని ఎర్రన పూర్తి చేశాడు కదా, ఆ పర్వం చివర ఆయన గురించి వచ్చే కందంలో 'తద్రచనయకా' అన్నదాన్ని ఎలా విడగొట్టాలి? పద్యం ఇదీ.

ధీరవిచారుఁడు తత్కవి
తారీతియుఁ గొంత దోఁపఁ దద్రచనయకా
నారణ్యపర్వశేషము
పూరించెఁ గవీంద్రకర్ణపుటపేయముగన్

ఎందుకు అడుగుతున్నానంటే, మొన్న విశాఖలో జగదాంబ దగ్గర ఒక పార్ట్ టూ సినిమా చూసొచ్చి (పేరెందుకులెండి, మొదటి దాంట్లో కొట్టిన ఫైటే ఊరు మార్చి మళ్ళీ కొట్టారు) ఇంట్లో తిట్టుకుంటూ కూర్చుంటే, మా పెదనాన్నగారు "సీక్వెల్ ఎలా ఉండాలో తెలియాలంటే పోయి ఆ కందం చూడు" అనేసి మళ్ళీ టీవీలో పడిపోయారు. వివరం అడిగితే చెప్పరు.

మధురవాడ:
తద్రచన అంటే ఆయన రచన, అంటే నన్నయది. ఆ తర్వాతి 'అ' అవధారణ, అంటే నొక్కి చెప్పడం, 'కాన్' (దీని నకారం తర్వాతి పాదంలో 'నారణ్య'లో కలిసింది) అంటే అయ్యేట్టు. మొత్తం మీద 'అది నన్నయ రాసిందే అన్నట్టుగా' అని. అన్నట్టుగానే చేశాడు కూడా, తను రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉండి, నన్నయ చేత భారతం రాయించిన, ఎప్పుడో మూడు వందల ఏళ్ళ కిందటి రాజరాజనరేంద్రుడికే అంకితం కొనసాగించాడు. కానీ నన్నడిగితే పద్యంలో అసలు సరుకు ఆ మాటలో లేదండి, దానికి ముందున్న 'కొంత'లో ఉంది. నన్నయ కవితారీతి 'కొంత' తోచేలా రాశాడట, పూర్తిగా కాదు. ఆ కొంత ఎంతో తెలియాలంటే అతుకు దగ్గరికి వెళ్ళి చూడాలి.

నన్నయ నాలుగో ఆశ్వాసం మధ్యలో ఆగిపోయాడు. ఆఖరి పద్యం శరత్కాలపు రాత్రుల మీద.

శారదరాత్రు లుజ్జ్వలలసత్తరతారకహారపంక్తులం
జారుతరంబు లయ్యె వికసన్నవకైరవగంధబంధురో...

నక్షత్రాల హారాలు, అప్పుడే విచ్చిన తెల్లకలువల వాసన, కింది పాదాల్లో కర్పూరం పొడిలా వెన్నెల. ఇక్కడ పగ్గాలు అందుకున్న ఎర్రన ఏం రాశాడో చూడండి.

స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి నిరస్తనీరదా
వరణములై దళత్కమలవైభవజృంభణ ముల్లసిల్ల ను
ద్ధురతరహంససారసమధువ్రతనిస్వనముల్ సెలంగఁగాఁ
గరము వెలింగె వాసరముఖంబులు శారదవేళఁ జూడఁగన్

రుతువు అదే, శరత్తే. కానీ తెల్లారింది. మరో వెన్నెల పద్యం రాయడం ఆయనకు చేతకాక కాదు, రాస్తే జనం పక్కపక్కన పెట్టి తూకం వేస్తారు. అందుకని నన్నయ తెలుపంతా వదిలేసి ఎరుపు పట్టుకున్నాడు, రాత్రి విచ్చే కలువ ముడుచుకునే వేళకి తామర తెరిచాడు, ఆ పద్యంలో చప్పుడన్నదే లేదు కాబట్టి ఇక్కడ హంసలు, బెగ్గురులు, తుమ్మెదల గోల పెట్టాడు. చలికాలంలో పొద్దున్నే కొండకర్ల ఆవ గట్టున నిలబడి ఈ పద్యం చదివితే తామరలూ పక్షులూ ఎదురుగానే ఉంటాయి. (మబ్బు తెర తొలగిపోవడం మాత్రం శరత్తులో మనకు గ్యారంటీ లేదు, హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న.)

ఛందస్సు కూడా చూడండి. నన్నయది ఉత్పలమాల, ఎర్రనది చంపకమాల. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల అయిపోతుంది, మిగతా నడకంతా అక్షరం పొల్లు పోకుండా అదే. మొదలు మాత్రం కాస్త చురుకు. కావాలని చేశాడో కుదిరిందో గానీ, 'కొంత' అంటే నాకు ఇదే.

గాజువాక:
మాస్టారూ, బాగానే ఉంది గానీ ఇది సీక్వెల్ ఏటండీ? మేస్త్రీ మధ్యలో వదిలేసిన గోడని ఇంకో మేస్త్రీ లేపడం. సీక్వెల్ అంటే కథ అయిపోవాలి కదా ముందు.

మధురవాడ:
నిజమే, ఒప్పుకుంటాను. పైగా ఎర్రనకి అటువైపు కూడా గోడ ఉంది. తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలూ అప్పటికే పూర్తి చేసేశాడు, కాబట్టి ఇటు నన్నయకీ అటు తిక్కనకీ అతకాలి. ఆ తిక్కన చూడండి, నన్నయలా రాయాలని అసలు ప్రయత్నమే చేయలేదు. అంకితం హరిహరనాథుడికి మార్చాడు, భాష తనది, నాటకం చూస్తున్నట్టుండే ఆ సంభాషణలు తనవి. ఆయనకది చెల్లింది, ఎందుకంటే కథ కొత్త ఊరికి మారుతోంది, పాండవులే వేషాలు మార్చుకుని విరాటుడి కొలువులో చేరుతున్నారు. వర్ణన నడుస్తుండగా అందుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. రెండో భాగం రాసేవాడు ముందు చూసుకోవలసింది ఇదేనని నా ఉద్దేశం, మొదటివాడు ఎక్కడ ఆపాడు, గుమ్మంలోనా, నట్టింట్లోనా అని.

మీరన్న తేడా సినిమాల్లోనూ ఉంది. 2015లో బాహుబలి 'కట్టప్ప ఎందుకు చంపాడు' దగ్గర ఆగి 2017లో జవాబు చెప్పింది. అది సగం కథ, జనం బాకీ వసూలుకి వెళ్ళినట్టే వెళ్ళారు. కథంతా తేలిపోయాక హిట్టయింది కదా అని తీసేవాటికి ఆ బాకీ ఉండదు, కొత్త ప్రశ్న పుట్టించుకోవాలి. అది పుట్టక పాత ఫైట్‌నే మళ్ళీ కొట్టిస్తారు.

అయిపోయిన కథకి కొనసాగింపే కావాలంటే అదీ ఎర్రన దగ్గరే దొరుకుతుంది. భారతానికి ఖిలభాగమైన, అంటే చివర అనుబంధంగా వచ్చే హరివంశాన్ని తెలుగు చేసింది ఆయనే. అక్కడ నన్నయ వేషం తీసేసి వేమారెడ్డికి అంకితమిచ్చాడు.

సీతమ్మధార:
పెదనాన్నగారికి మొత్తం చదివి వినిపించానండీ. ఉత్పలమాల, చంపకమాల సంగతి దగ్గర రిమోట్ పక్కన పెట్టి, వేళ్ళ మీద గణాలు రెండుసార్లు లెక్కేసి, "ఇది నేను చెప్పిందే కదా" అన్నారు. హరివంశం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో అడిగి చూస్తాను.

గాజువాక:
దొరికితే ముందు అంకితం పద్యాలు ఇక్కడ పెట్టండి, నన్నయ వాసన ఇంకా ఎంత ఉందో చూద్దాం.