1998–2001 బీఎస్సీ బ్యాచ్, నల్గొండ: ఎవరెక్కడున్నారు?

క్లాక్‌టవర్_ఎంపీసీ
డిగ్రీ అయిపోయి పాతికేళ్ళు దాటింది. దసరాకు పానగల్లులో కలుద్దామని నలుగురం అనుకున్నాం. ఆలోపు ఎవరెక్కడున్నారో ఇక్కడ రాయండి. వాట్సాప్ గ్రూపులో ప్రమోషన్, గృహప్రవేశం, పిల్లల ర్యాంకు, ఈ మూడు తప్ప ఇంకో వార్త రావడం లేదు. అవి చూసే సగం మంది నోరు విప్పడం లేదని నా అనుమానం. ఉన్నది ఉన్నట్టు రాయండి. నాది నకిరేకల్‌లో ఎరువుల దుకాణం. సీజన్‌లో నిద్ర ఉండదు, ఉద్దెర పద్దులు దసరాకు గానీ తేలవు. మావాడు ఇంటర్‌లో ఎంపీసీ వద్దని సీఈసీ తీసుకున్నాడు. ఇంట్లో అందరికంటే ఎక్కువ గొడవ చేసింది మా నాయన.

డాలస్_కెమిస్ట్రీ
నాది ఆ మూడు రకాల వార్తే, ఏం చేయను! పాప కాలేజీలో చేరింది. ఒక సంగతి మాత్రం అందరికీ పనికొస్తుంది. మన మెమోలు, డిగ్రీ ఉస్మానియావి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ నల్గొండకు వచ్చింది 2007లో. ట్రాన్స్‌క్రిప్టులకో డూప్లికేట్ మెమోకో ఆ యూనివర్సిటీ ఉన్న అన్నెపర్తి దాకా వెళ్ళి తిరిగి రాకండి, నేరుగా హైదరాబాదే పొండి. హాల్‌టికెట్ నంబరు ఉంటే పని తొందరగా అవుతుంది.

సూర్యాపేట_టీచరమ్మ
నేను స్కూల్ అసిస్టెంట్‌ని, మావారూ టీచరే. 2016లో మన నల్గొండ మూడు జిల్లాలయింది కదా. ఆ పంపకం మా ఇంటికి వచ్చింది 2021 డిసెంబర్‌లో, ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచిన జీవో 317తో. సీనియారిటీ ప్రకారం కేటాయింపు కాబట్టి నాకు సూర్యాపేట, ఆయనకు యాదాద్రి పడ్డాయి. ఆయన భువనగిరిలో గది తీసుకున్నారు, శనివారం సాయంత్రం వస్తారు. మ్యూచువల్ (ఇద్దరు టీచర్లు ఒకరి చోటుకు ఒకరు మారే బదిలీ) కోసం ఎదురుచూడని టీచర్ జంట మా స్టాఫ్‌రూంలో లేదంటే నమ్మండి. భార్యాభర్తలిద్దరూ గవర్నమెంటేనా, అదృష్టవంతులు అని పెళ్ళిళ్ళలో ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మంచి వార్త కూడా ఒకటుంది. పాపకు నల్గొండ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. మన రోజుల్లో బైపీసీ వాళ్ళకు ఉమ్మడి జిల్లా మొత్తంలో ఒక్క సర్కారు మెడికల్ కాలేజీ లేదు. 2019లో నల్గొండకు, సూర్యాపేటకు రెండూ ఒకేసారి వచ్చాయి. పాప ఉండేది హాస్టల్‌లోనే అనుకోండి. మొత్తానికి ఇంట్లో ముగ్గురం, మూడు ఊళ్ళు.

ఫిజిక్స్_లాస్ట్‌బెంచి
మేడం, నువ్వు గవర్నమెంటు జంట కష్టం చెప్పావు, నేను ఆ గవర్నమెంటు ఉద్యోగం రావడానికి పట్టిన కాలం చెప్తా. 2008 డీఎస్సీలో ఎస్జీటీకి, అంటే చిన్న తరగతుల టీచర్ పోస్టులకు, బీఈడీ వాళ్ళనూ రాయనిచ్చారు. తర్వాత 30 శాతం పోస్టులు డీఎడ్ వాళ్ళకే అన్నారు. మెరిట్ ఉన్నా మేం బయటే ఉండిపోయాం. ఇక కోర్టులు. ఈలోగా ప్రైవేటు స్కూళ్ళు, పొద్దున ట్యూషన్లు, ఎండాకాలం జీతం లేని రెండు నెలలు. గ్రూపులో మాట్లాడనిది నేనే, క్లాక్‌టవర్ అనుమానం కరెక్టు. ఇవాళ్టికి ఏమన్నా తేలిందా అని అడుగుతారేమోనని భయం.

2025లో తేలింది, కాంట్రాక్టు పద్ధతిలో. నా దగ్గర ట్యూషన్ చదివిన అమ్మాయి 2024 డీఎస్సీలో రెగ్యులర్ కొట్టి మా బడికే వచ్చింది. ఆమె నన్ను సార్ అంటుంది, నేనూ ఆమెను మేడం అంటాను. మా ఆవిడ టైలరింగ్ షాపు లేకపోతే ఈ మధ్యకాలం గడిచేది కాదు. పిల్లల ఫీజులన్నీ ఆమె మిషన్ మీదే కట్టాం. ఇది కూడా గ్రూపులో వేసుకోవాల్సిన వార్తే అనుకుంటా.

క్లాక్‌టవర్_ఎంపీసీ
ఒరేయ్, ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కున్నావురా! రేపు ఫోన్ చేస్తా, ఎత్తు.

బత్తాయితోట_కనగల్
నాది ఉద్యోగం లేదు, తోట ఉంది. కత్తెర కాయకు (అన్‌సీజన్ బత్తాయికి) రేటు బాగుంటే నేనూ మీతో సమానమే, లేకపోతే లేదు. హైదరాబాద్ పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారానికి మారాక మాకు దూరం తగ్గింది, సూటు కోత (తూకంలో తరుగు పేరుతో కొట్టేసేది) మాత్రం తగ్గలేదు. అమ్మాయి పెళ్ళి చేశాను. అల్లుడు బోర్ల మెకానిక్, మంచివాడు. కాయ ఎలా ఉందో తోటలోకి దిగి చూసేది అతనే. మా కొడుక్కి హైటెక్ సిటీ తప్ప వేరే ఊరు తెలియదు.

పేట_కోడలు
నన్ను ఎవరూ వెతకలేకపోయారంటే తప్పు మీది కాదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది, జిల్లా కూడా మారింది. కాపురానికి వచ్చినప్పుడు మాది మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. మా అత్తగారివాళ్ళది చీరల దుకాణం. బోర్డర్ కదా, బేరాలు సగం కన్నడలోనే. మొదట మా అత్తమ్మ వెనకాల నిలబడి వినేదాన్ని, ఇప్పుడు గల్లా నాదే. బీఎస్సీ మ్యాథ్స్ ఎక్కడ పనికొచ్చిందని అడగకండి. జీఎస్టీ లెక్కలు నేనే చూస్తాను, ఆడిటర్ తప్పులు కూడా పట్టాను.

మనతో చదివిన ఆడపిల్లలను వెతకాలంటే తమ్ముళ్ళను పట్టుకోండి. తమ్ముడు ఊళ్ళోనే ఉంటాడు, ఇంటిపేరు మారదు. నేను అలాగే నలుగురిని దొరకబుచ్చుకున్నాను.

సూర్యాపేట_టీచరమ్మ
నా తరఫున కూడా ఆ నలుగురి నంబర్లు పంపు. ఇంకొకటి, దసరా అంటే సరిగ్గా ఏ రోజు? సద్దుల బతుకమ్మ రోజు పెడితే ఆడవాళ్ళం ఒక్కరం కూడా రాము.

పేట_కోడలు
అవును. కానీ బతుకమ్మకు అందరం పుట్టింటికి వస్తాం, ఆ నాలుగు రోజులు దాటితే మేం మళ్ళీ దొరకం.

డాలస్_కెమిస్ట్రీ
నాకు సెలవు సంక్రాంతికే. వీడియోలో వస్తా.

క్లాక్‌టవర్_ఎంపీసీ
అయితే దసరా తెల్లారి, పొద్దున పది గంటలకు, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దగ్గర. భోజనం ఖర్చు తలా ఇంత అని రాయడం లేదు, కుదిరినవాళ్ళు కుదిరినంత. బత్తాయిలు కనగల్ నుంచి. ఫిజిక్సోడా, మీ ఆవిడను కూడా తీసుకురా.

బత్తాయితోట_కనగల్
రెండు సంచులు తెస్తా. సూటు తీయకండి.