గ్రూప్ చెదిరిపోతుంటే ముందు సైట్ అరగదీయాలా?

గురితప్పినోడు:
నాది పెర్కషన్ క్యాప్‌తో (సుత్తి దెబ్బకి పేలి మందుని అంటించే చిన్న టోపీ) పేలే .50 క్యాలిబర్ మజిల్‌లోడర్, అంటే మందూ గుండూ మూతి నుంచి నింపే తుపాకీ. .490 గుండు, .015 అంగుళాల ప్యాచ్ (గుండుకి చుట్టే గుడ్డ ముక్క), 70 గ్రెయిన్ల నల్లమందు. రెస్ట్ మీద పెట్టి 50 గజాల్లో కాలిస్తే దెబ్బలు సుమారు 6 అంగుళాలు కిందికి, 3 అంగుళాలు కుడికి పడుతున్నాయి. గ్రూప్ (దెబ్బలన్నీ కలిసి పడిన గుంపు) కూడా 7 అంగుళాల మేర చెదిరింది. కిందికి పడుతోంది కాబట్టి ముందు సైట్‌ని (బ్యారెల్ మూతి దగ్గర గురి చూసే మొన) అరగదీసెయ్యమంటున్నారు. ఆకురాయి పట్టమంటారా?

మసిబ్యారెల్:
వద్దండీ. అరిగిన లోహం మళ్లీ రాదు. అంత చెదిరిన గ్రూప్‌కి మధ్య ఎక్కడ? ఇంకో అయిదు కాలిస్తే ఆ మధ్య కూడా ఇంకో చోటికి జరిగిపోతుంది. రేంజ్‌లో అందరూ కాల్పులు ఆపాక వెళ్లి, మీరు కాల్చిన ప్యాచ్‌లు ఏరండి. మూతికి కొద్ది గజాల ముందే పడి ఉంటాయి. మధ్యలో కాలి చిల్లు పడితే గుడ్డ పలచనిదో, లూబ్రికెంట్ చాలలేదో. గుండు చుట్టూ వరసగా కోతలుంటే మూతి దగ్గర గాళ్ల (బ్యారెల్ లోపల మెలితిరిగి ఉండే గాడుల) అంచులు పదునుగా ఉన్నట్టు. కొత్త బ్యారెల్ అయితే నా అనుమానం దీని మీదే.

ఇంకోటి, ప్రతి షాట్ తర్వాత బ్యారెల్ తుడవాలి. మసి పేరుకుంటే ఒక్కో గుండు ఒక్కో బలంతో దిగుతుంది. అప్పుడు గ్రూప్ ఎలా వస్తుంది?

పాతగుండు:
ప్యాచ్‌ల మాట ఒప్పుకుంటా. ప్రతిసారీ తుడవడం మాత్రం నాకు నచ్చదు. తడి ఎక్కువైతే మసి ముద్దై అడుగుకి చేరుతుంది, ఆ తర్వాత క్యాప్ పేలినా మందు అంటుకోదు. మంచి లూబ్రికెంట్ వాడితే ఆ మసి మెత్తగానే ఉంటుంది, తర్వాతి ప్యాచే దాన్ని కిందికి తోస్తుంది.

కుడికి పోవడానికి వెలుతురు కూడా కారణం కావచ్చు. ముందు సైట్ మెరిసే ఇత్తడిదా? ఎండ ఎడమ నుంచి పడితే మెరిసే అంచునే సైట్ మధ్య అనుకుంటుంది కన్ను, గుండు కుడికి పోతుంది. కాస్త మసి పూసి చూడండి.

మసిబ్యారెల్:
పాతగుండు గారూ, మసి అడుగుకి చేరేది తుడిచే ప్యాచ్ బిగుతుగా ఉండి, తడి కారుతుంటేనే. కొద్దిగా తడిపి, కాస్త వదులు ప్యాచ్‌తో తుడిస్తే మసి పైకొస్తుంది.

గురితప్పినోడు:
ప్యాచ్‌లన్నిటికీ చుట్టూ కోతలే! మూతి దగ్గర గాళ్ల అంచులు సన్నటి ఎమరీ గుడ్డతో నునుపు చేశాను. తుడుస్తూ కాలిస్తే గ్రూప్ 2 అంగుళాలకి వచ్చింది. సైట్‌కి మసి కూడా పూశాను. అయినా 6 కిందికి, 3 కుడికి అలాగే ఉంది. ఇప్పుడైనా అరగదీయొచ్చా?

పాతగుండు:
ఇప్పుడు లెక్క వేయొచ్చు. రెండు సైట్ల మధ్య దూరం 30 అంగుళాలు అనుకుందాం. 50 గజాలంటే 1800 అంగుళాలు. 6 ఇంటూ 30, దాన్ని 1800తో భాగిస్తే 0.1 అంగుళం. ముందు సైట్ అంత తగ్గాలి. ఒకేసారి కాదు, సగం తీసి కాల్చి చూడండి. కుడి తప్పుకి వెనక సైట్‌ని ఎడమకి 0.05 అంగుళం జరపండి, ఇత్తడి కడ్డీ ఆనించి మెల్లగా తట్టితే చాలు. ముందు అదే చేయండి, తప్పైతే వెనక్కి తట్టుకోవచ్చు.

మసిబ్యారెల్:
అరగదీసే ముందు మందు కొలత ఖాయం చేసుకోండి. 70 నుంచి 80కి మారితే దెబ్బ పడే ఎత్తు మారుతుంది. తుపాకీ తయారీదారు చెప్పిన గరిష్ఠ కొలత దాటొద్దు.

పాతగుండు:
తుడిచి కాలుస్తారా, తుడవకుండానా అన్నదీ ఇప్పుడే తేల్చుకోండి. శుభ్రమైన బ్యారెల్ దెబ్బ ఒకచోట, మసిబట్టిన బ్యారెల్ దెబ్బ ఇంకోచోట పడొచ్చు. నేనైతే తుడవను.