పింగ్ బాగుంటే నెట్‌వర్క్ నిర్దోషేనా? – ఉమ్మడి లెక్కల సాఫ్ట్‌వేర్ తెగిపోవడంపై చర్చ

లెక్కల విభాగం (ప్రశ్న)

మా కార్యాలయంలోని 14 కంప్యూటర్లూ ఒకే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను వాడతాయి. దాని డేటా అంతా సర్వర్‌లోని ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. మా విభాగంలోని మూడు కంప్యూటర్లలో మాత్రమే, రోజుకు మూడు నాలుగు సార్లు, సర్వర్‌తో కనెక్షన్ తెగిపోయిందన్న సందేశం వచ్చి సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోతోంది. సగం కొట్టిన వోచరు పోవడం ఒక బాధ అయితే, డేటా ఫైలును రిపేరు చేస్తే తప్ప ఎవరికీ తెరుచుకోకపోవడం అంతకు మించిన బాధ. సాఫ్ట్‌వేర్ అమ్మినవారు నెట్‌వర్క్ చూపించుకోమంటారు. నెట్‌వర్క్ చూసేవారు వచ్చి, పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తోందో లేదో చూసే చిన్న పరీక్ష) కొట్టి, నాలుగుకు నాలుగు జవాబులు వచ్చాయి గనుక లోపం సాఫ్ట్‌వేర్‌దేనని చెప్పి వెళ్లిపోతారు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది మా పరిస్థితి. ఇక సాఫ్ట్‌వేర్‌నే మార్చేద్దామని యాజమాన్యం అంటోంది. పింగ్ బాగుంటే నెట్‌వర్క్‌లో లోపం లేదని తేల్చవచ్చా?

స్విచ్‌గది

తేల్చకూడదు. నేను చేసేది నెట్‌వర్క్ పనే అయినా ఈ మాట చెప్పక తప్పదు. విండోస్‌లో పింగ్ మామూలుగా పంపేది 32 బైట్ల డేటా ఉన్న నాలుగు ప్యాకెట్లు (డేటా పొట్లాలు), అవి కూడా సెకనుకు ఒకటి చొప్పున. మీరు ట్రయల్ బ్యాలెన్స్ లాంటి పెద్ద రిపోర్టు అడిగినప్పుడు అదే కేబుల్ మీద 1500 బైట్ల దాకా ఉండే ప్యాకెట్లు వేల సంఖ్యలో, రెండు దిక్కులా ఒకేసారి పోతుంటాయి. సైకిల్ దాటింది గనుక ఈ వంతెన లారీలను కూడా మోస్తుందని ధ్రువపత్రం ఇస్తే ఎంత నమ్మవచ్చో, ఆ నాలుగు జవాబులనూ అంతే నమ్మవచ్చు.

పింగ్‌కు దొరకని లోపాల్లో నాకు ఎక్కువసార్లు ఎదురైనది డూప్లెక్స్ తేడా. డూప్లెక్స్ అంటే రెండు చివరలూ ఒకేసారి మాట్లాడవచ్చా (ఫుల్), వంతులవారీగానే మాట్లాడాలా (హాఫ్) అన్న ఏర్పాటు. కేబుల్‌కు ఒక చివర ఉన్న స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లను కలిపే పెట్టె) పోర్టును ఎవరో ఎప్పుడో 100 ఎంబీపీఎస్, ఫుల్ డూప్లెక్స్ అని చేత్తో బిగించి ఉంటారు. రెండో చివర ఉన్న పరికరం ఆటోలో, అంటే అవతలి చివరతో ఒప్పందం చేసుకుని సెట్టింగును తానే ఎంచుకునే పద్ధతిలో, ఉంటుంది. బిగించిన వైపు నుంచి ఒప్పందపు సంకేతాలు రావు గనుక, ఆటోలో ఉన్నది వేగాన్ని సరిగానే పసిగట్టినా డూప్లెక్స్‌ను మాత్రం హాఫ్‌గా తీసుకుంటుంది. అప్పుడు ఒక చివర ఎప్పుడు పడితే అప్పుడు మాట్లాడుతుంది, రెండో చివర అవతలివారు ఆగితేనే మాట్లాడాలనుకుంటుంది. రద్దీ లేనప్పుడు అంతా సజావుగానే సాగుతుంది. రెండు వైపులా డేటా పోటెత్తిన క్షణాన ఫుల్ వైపు సీఆర్‌సీ తప్పులు (పాడై చేరిన డేటా లెక్క), హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగే ఢీకొట్టుడులు) కుప్పలుగా పడతాయి.

ఇబ్బంది మూడు కంప్యూటర్లకే అంటున్నారు కాబట్టి, ఆ మూడింటి కేబుళ్లూ ఎక్కడ కలుస్తున్నాయో ముందు చూడండి. ప్రధాన స్విచ్‌లో ఆ పోర్టుకు సంబంధించిన తప్పుల లెక్క ఎంత ఉందో రాసుకుని, పెద్ద రిపోర్టు ఒకటి నడిపి, మళ్లీ చూడండి.

పాత ప్రోగ్రామరు

స్విచ్‌గది గారు చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ, అది అసలు ప్రశ్నను పక్కకు నెడుతోందని నా అభ్యంతరం. నెట్‌వర్క్ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. ప్రోగ్రామర్ల అపోహలంటూ 1994లో పీటర్ డాయిచ్ కూర్చిన జాబితాలో మొట్టమొదటిదే నెట్‌వర్క్ నమ్మదగినదన్న అపోహ. ఐదు సెకన్ల పాటు కేబుల్ ఊడితే నా వోచరు ఆగిపోవచ్చు, కానీ పదమూడు మంది డేటా ఫైలు పాడైపోవడానికి వీల్లేదు. ఆ తప్పు కేబుల్‌ది ఎలా అవుతుంది?

డేటా ఫైలును షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి నడిపే పద్ధతిలో సర్వర్ కేవలం ఒక అలమర. సూచికలను చదవడం, తాళం వేయడం, మార్చిన పేజీలను తిరిగి రాయడం అన్నీ ఎక్కడో ఉన్న కంప్యూటర్లే కేబుల్ మీదుగా చేస్తాయి. ఒక వోచరుకు నాలుగు చోట్ల రాయాల్సి ఉండగా రెండు చోట్ల రాసిన తరువాత కనెక్షన్ తెగితే, మిగిలిన రెండూ రాయడానికి గానీ, మొదటి రెండింటినీ వెనక్కి తీసుకోవడానికి గానీ అవతల ఎవరూ ఉండరు. డేటాబేస్ సర్వర్ పద్ధతిలో ఆ పని సర్వర్‌లోనే జరుగుతుంది గనుక సగంలో ఆగిన లావాదేవీ మొత్తం రద్దవుతుంది. అందుచేత యాజమాన్యం ఆలోచన నాకు సబబుగానే తోస్తోంది. అది కుదరకపోతే సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ మీదే నడిపి, అందరూ రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా, అంటే సర్వర్ తెరను తమ కంప్యూటర్‌లో చూస్తూ, పని చేసుకోవచ్చు. మధ్యలో తెగినా సెషన్ సర్వర్‌లో బతికే ఉంటుంది. మళ్లీ కలిసినప్పుడు సగం కొట్టిన వోచరు అక్కడే కనిపిస్తుంది.

స్విచ్‌గది

రిమోట్ డెస్క్‌టాప్‌కు నేను వ్యతిరేకం కాదు. అయితే ఈ దశలో అది రోగం తేలకుండానే నొప్పికి మాత్ర వేయడం అవుతుంది. ఆ పోర్టులో తప్పులు అలాగే ఉంటే రేపు బ్యాకప్ నిలిచిపోతుంది, స్కాన్ చేసిన కాగితాలు సగంలో ఆగిపోతాయి, రిమోట్ తెర కూడా గడ్డకట్టుకుపోతుంది. ముందు కారణం తెలియాలి, మార్పు తరువాతి మాట.

సహాయ కేంద్రం

నేను ఒక వ్యాపార సాఫ్ట్‌వేర్‌కు ఫోన్‌లో సహాయం అందించే ఉద్యోగిని. నెట్‌వర్క్ చూపించుకోండి అని మేము ఎందుకంటామో నిజాయితీగా చెప్పాలంటే, ఆ మాటతో ఫిర్యాదు మా జాబితాలోంచి వెళ్లిపోతుంది. వాళ్ల పింగ్ ఎలాంటిదో మా ఈ జవాబూ అలాంటిదే.

లాగ్ (సాఫ్ట్‌వేర్ తనకు ఎదురైన లోపాలను నమోదు చేసుకునే ఫైలు) చదివితే అంతకంటే ఎక్కువే తెలుస్తుంది. మాది డేటాబేస్ సర్వర్ తరహా సాఫ్ట్‌వేర్ కాబట్టి లోపానికి విండోస్ ఇచ్చే సంఖ్య అందులో నేరుగా కనిపిస్తుంది. 10060 అంటే అవతలి నుంచి ఏ జవాబూ రాక గడువు తీరిపోయింది. 10054 అంటే అవతలి వైపు కనెక్షన్‌ను తెంచేసింది. ఆ తెంచిన కబురు మన దాకా క్షేమంగా చేరిందంటే కేబుల్ పని చేస్తున్నట్టే. అప్పుడు సర్వర్‌లోని సర్వీసు మధ్యలో కూలిందా, దారిలోని ఫైర్‌వాల్ తెంచిందా అని వెతకాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి నెట్‌వర్క్ అనేయడం వల్లనే సగం తగాదాలు వస్తున్నాయి.

మీది షేర్డ్ ఫోల్డర్ తరహా కాబట్టి ఇంకొకటి కూడా గమనించండి. విండోస్ సర్వర్ మామూలుగా 15 నిమిషాల పాటు ఏ పనీ లేని సెషన్‌ను తెంచేస్తుంది. మళ్లీ ముట్టుకోగానే అది కలుస్తుంది గానీ, కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు ఆ క్షణాన్ని కూడా తట్టుకోలేవు. నెట్‌వర్క్ కార్డుకు విద్యుత్తు ఆదా సెట్టింగ్ ఉంటే అదీ ఇలాంటి లక్షణమే చూపిస్తుంది. కాబట్టి పని ముమ్మరంగా ఉన్నప్పుడు తెగుతోందా, ఖాళీగా ఉన్నప్పుడు తెగుతోందా అన్నది సమయంతో సహా ఒక పుస్తకంలో రాయించండి. యాంటీవైరస్ తీసేసి చూడమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి ఒప్పుకోకండి. పరీక్ష కోసమని తీసేసినవాళ్లు తిరిగి పెట్టడం నేను అరుదుగా చూశాను.

పాత ప్రోగ్రామరు

పుస్తకం మంచి ఆలోచనే. దాంతోపాటు నాది ఒక పరీక్ష: సెలవు రోజున, డేటాకు నకలు తీసి పెట్టుకుని, వోచరు కొడుతూ ఉండగా కేబుల్ పీకి, పది సెకన్ల తరువాత మళ్లీ పెట్టి చూడండి. సాఫ్ట్‌వేర్ సంగతి తేల్చడానికి అది చాలు.

లెక్కల విభాగం

మూడు పని దినాల పాటు రాయించాం. మొత్తం 11 సార్లు తెగింది. అందులో 9 సార్లు, మా ముగ్గురిలో ఎవరో ఒకరు పెద్ద రిపోర్టు తీస్తుండగా మిగతావారు ఎంట్రీలు కొడుతున్నారు. మిగిలిన రెండు సార్లూ ఒకే కంప్యూటర్‌లో, మధ్యాహ్న విరామం నుంచి తిరిగి వచ్చిన వెంటనే.

కేబుళ్లను పట్టుకుని పోతే, గోడ పక్కనున్న బల్ల కింద, కాగితాల పెట్టె వెనక, దుమ్ము కొట్టుకుపోయిన ఐదు పోర్టుల చిన్న స్విచ్ ఒకటి బయటపడింది. మూడు కంప్యూటర్లూ దానికే కలిపి ఉన్నాయి. అక్కడి నుంచి ఒక్క కేబుల్ ప్రధాన స్విచ్‌కు పోతోంది. నెట్‌వర్క్ చూసేవారిని పిలిచి ఆ పోర్టు సెట్టింగ్ చూపించమంటే అది 100, ఫుల్ అని బిగించి ఉంది. మేము ట్రయల్ బ్యాలెన్స్ తీస్తుంటే సీఆర్‌సీ అంకె మా కళ్లెదుటే ఎక్కుతూ పోయింది. ఆయన ఏమీ అనకుండా దాన్ని ఆటోకు మార్చారు. ఆ తరువాత రెండు వారాలుగా రిపోర్టుల సమయంలో ఒక్కసారి కూడా తెగలేదు. విరామం తరువాత తెగే కంప్యూటర్‌లో విద్యుత్తు ఆదా కోసం నెట్‌వర్క్ కార్డును ఆపేసే సెట్టింగ్ తీసేశాం; అదీ సర్దుకుంది.

పాత ప్రోగ్రామరు గారు చెప్పిన పరీక్ష కూడా చేశాం. పది సెకన్ల తరువాత కేబుల్ పెట్టేసరికి సాఫ్ట్‌వేర్ మూసుకుపోయి ఉంది, నకలు డేటా రిపేరు చేస్తే తప్ప తెరుచుకోలేదు. వచ్చే వారం వేరొక సాఫ్ట్‌వేర్ కంపెనీవారు తమ సరుకు చూపించడానికి వస్తున్నారు. వోచరు కొట్టమని చెప్పి, సగంలో ఉండగా కేబుల్ నేనే పీకుతానని యాజమాన్యానికి ముందే చెప్పి ఉంచాను.